తూనీగ కడిగేసిన పళ్ళేలు

ఊరి నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేసే ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, శనివారం పిల్లలు రావడం మొదలయ్యాక దాన్ని ఎవరూ వాడటం లేదు. అందరికీ ఆవిడ నీళ్ళక్క. ల్యాబు పెద్దసారు కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచేసి, వెంటనే దగ్గు వచ్చినట్టు నటించారు.

నీళ్ళక్క పనేమిటో చెప్పడం తేలిక, చెయ్యడమే కష్టం. ఊళ్ళో కొళాయిల నీళ్ళు సీసాల్లో పట్టుకొస్తారు. అవి తాగొచ్చో లేదో ఆవిడ తేల్చాలి. మూతలున్న చిన్న గాజు పళ్ళేల్లో జెల్లీలాంటి మందు పోసి, దాని మీద ఆ నీళ్ళు వేసి, వెచ్చటి పెట్టెలో ఒక రోజు ఉంచుతుంది. మురుగులో పెరిగే క్రిములు ఉంటే మర్నాటికి నీలం చుక్కలు లేస్తాయి. చుక్క లేకపోతే జనం నిశ్చింతగా తాగొచ్చు. చుక్క కనిపించిందా, ఫోన్లు మోగుతాయి, రోడ్లు తవ్వుతారు, పెద్దసారి ముక్కు ఎర్రబడుతుంది.

ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరొచ్చినా ఆవిణ్ణి దాటి లోపలికి తొంగిచూసి "సార్ లేరా?" అని అడిగేవాళ్ళు. తెల్లకోటు వేసుకుని, చేతిలో సీసాతో ఎదురుగా నిలబడ్డ మనిషి కళ్ళకి ఆనేది కాదు. బస్సు కండక్టరు కూతురు నీళ్ళ సంగతి తేలుస్తుందంటే నమ్మబుద్ధి కాదు కాబోలు. కొన్నాళ్ళకి ఆవిడా ఆ ప్రశ్నకి అలవాటుపడిపోయింది. అలా అలవాటుపడినందుకే ఆవిడకి తన మీద తనకి ఒళ్ళుమంట.

అందుకే, లాండ్రీల వీధిలోని ఆడపిల్లల బడి నుంచి సైన్సు టీచరమ్మ వచ్చి, "మా బడిలో సైన్సు గది ఉందండీ. విరిగిన బెంచీలన్నీ దాంట్లో కుక్కి తాళం వేశారు. మా పిల్లలకి ల్యాబ్ అంటే ఏమిటో ఒక్కసారి చూపిస్తారా?" అని అడిగినప్పుడు, ఒకసారేం ఖర్మ, ప్రతి శనివారం తీసుకురమ్మంది. పెద్దసారి చెవిలో జోరీగలా రొదపెట్టి ఒప్పించింది.

"నీ పిల్లలు, నీ తలనొప్పి. నా బల్ల జోలికి మాత్రం రాకూడదు," అన్నారాయన.

పిల్లలు వచ్చారు. దుప్పట్లు ఉతికేవాళ్ళ పిల్లలు, ఇస్త్రీ చేసేవాళ్ళ పిల్లలు, మూటలు మోసే రిక్షావాళ్ళ పిల్లలు. నీళ్ళక్క ముందురోజంతా కూర్చుని బొమ్మలు తయారుచేసుకుంది. "మీరూ ఇలాంటి చోట పనిచేయొచ్చు. నీళ్ళే కాదు, మందులు, యంత్రాలు, కంప్యూటర్లు, దేనికైనా మీలాంటివాళ్ళు కావాలి," అని గుండెల్లోంచి చెప్పింది. పిల్లలు బుద్ధిమంతుల్లా తలలూపారు. అంత బుద్ధిగా తలలూపారంటే ఒక్క ముక్కా లోపలికి వెళ్ళలేదని ఎవరైనా కనిపెట్టొచ్చు, నీళ్ళక్క తప్ప. మాట మాటకీ ఆవిడ ఇంకోటి కూడా చెబుతూ వచ్చింది: "ఏదీ ముట్టుకోకండమ్మా."

వాళ్ళలో ఒక్కతే వేరు. సన్నటి కాళ్ళు, ఒకచోట నిలవని ఒళ్ళు, ఇప్పుడు కిటికీ దగ్గరుంటే మరుక్షణం పెట్టె దగ్గరుంటుంది. ఆ పిల్లని అందరూ తూనీగ అంటారు. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీవాళ్ళ అమ్మాయి. తండ్రి లేడు, ఒక చిన్న తమ్ముడున్నాడు. బడి అయ్యాక తల్లి పక్కన నిలబడి తలగడ గలీబులు ఇస్త్రీ చేస్తుంది. కొన్ని శనివారాలు గడిచాక ఒకరోజు ఆ పిల్లే అడిగింది.

"అక్కా, ఆ పెట్టెలో వెచ్చగా ఉంటుందన్నారు. కింద జెల్లీ తిండి అన్నారు. అంటే ఆ క్రిములని పట్టుకోడానికి ముందు వాటికి మర్యాదలు చేస్తున్నామా?"

నీళ్ళక్క పకపకా నవ్వింది. "అంతేనే. కడుపునిండా పెట్టి, బయటికి రప్పించి, అప్పుడు పట్టుకుంటాం."

"మరి వాటికి ఇష్టం లేని తిండి పెడితే?"

నీళ్ళక్క నవ్వు ఆపి ఆ పిల్ల వంక చూసింది. కొన్ని క్రిములు కొన్ని మందుల మీదే పెరుగుతాయనీ, అదే ఈ పరీక్షకి కిటుకనీ తెలుసుకోడానికి ఆవిడకి కాలేజీలో ఒక ఏడాది పట్టింది. ఈ పిల్ల గోడకి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటూ అక్కడికి వచ్చేసింది. ఆ రోజు ఇంటికి వెళ్తూ నీళ్ళక్క మనసులో తూనీగకి ఒక తెల్లకోటు కుట్టించేసింది. చేతులు కాస్త పొడుగ్గా కూడా పెట్టించింది, ఎదిగే పిల్ల కదా అని.

తర్వాతి శనివారమే జరిగింది ఆ పని.

ఊరికి ఎగువనున్న పేటలో పైపు పగిలింది. బాగుచేశారు గానీ, పరీక్ష అయ్యేదాకా నీళ్ళు వదలకూడదు. జనం ట్యాంకర్ల దగ్గర బిందెలతో కొట్టుకుంటున్నారు. ఆ పేట పళ్ళేలన్నీ నీళ్ళక్క పెట్టెలోంచి తీసి, చుక్కలు లెక్కపెడదామని సింకు పక్క బల్ల మీద పేర్చింది. ఇంతలో పక్కగదిలో ఫోను మోగింది. పేటవాళ్ళే. నీళ్ళెప్పుడని దులిపేస్తున్నారు. సర్దిచెప్పి వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

పళ్ళేలు గుడ్డ మీద వరసగా బోర్లించి ఉన్నాయి. తళతళలాడుతున్నాయి. మూతలు ఒక పక్క, అడుగులు ఒక పక్క. తూనీగ తడిచేతులు గౌనుకి తుడుచుకుంటూ, ఎవరైనా మెచ్చుకుంటారేమోనన్నట్టు నిలబడి ఉంది. మిగతా పిల్లలు కిటికీ దగ్గర నిలబడి రోడ్డు మీద పోయే ట్యాంకర్లు చూస్తున్నారు.

ఆ పిల్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరింటికైనా వెళ్తే చేతులూపుకుంటూ తిరిగి రాకూడదు. టీ ఇస్తే ఆ కప్పు కడిగిపెట్టాలి. సింకు పక్కన మురికి గిన్నె కనబడితే అది ఎవరిదని అడగకూడదు. పుట్టినప్పటినుంచీ చూసింది అదే. జిగురు పట్టి, మచ్చలు పడ్డ పళ్ళేలు సింకు పక్కనే కనిపిస్తే ఏం చేస్తుంది? ముట్టుకోవద్దన్న మాట మురికి గిన్నెలకి కూడా వర్తిస్తుందని ఆ పిల్లకి తోచలేదు.

నీళ్ళక్క అగ్గి మీద గుగ్గిలమైంది. "బుద్ధుందా నీకు? ఏం చేశావో తెలుసా? ఊరంతా దీనికోసం చూస్తోంది," అని గదంతా దద్దరిల్లేలా అరిచింది. అరుస్తూనే ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని లాక్కెళ్ళి క్రిములు చంపే మందునీళ్ళతో మోచేతులదాకా రుద్దింది. అవి చచ్చిన మరకలు కావు, బతికున్న క్రిములు. కోపం ఎంతుందో భయం అంతకు రెట్టింపు ఉంది. కానీ వినేవాళ్ళకి కోపమే వినిపిస్తుంది. "ఇంకెప్పుడూ ఇక్కడ దేనిమీదా చెయ్యి వెయ్యకు," అంది ఆఖర్న.

తూనీగ ఏడవలేదు. చేతులు వదలగానే చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

పేటవాళ్ళ నీళ్ళు మళ్ళీ పట్టాల్సొచ్చింది. ట్యాంకర్ల గోల ఇంకా పొడుగైంది. పెద్దసారు చీవాట్లు పెడతారని నీళ్ళక్క మొహం వేలాడేసుకుని ఎదురుచూసింది. ఆయన మాత్రం ఫోన్లన్నీ తన బల్ల మీదికి మళ్ళించుకుని, తిట్లన్నీ తనే తిని, "నీ తలనొప్పి అన్నానా, చూడు," అని ఊరుకున్నారు. తిట్టి ఉంటే ఆవిడకి కాస్త తేలిగ్గా ఉండేది.

మళ్ళీ శనివారం పిల్లలు వచ్చారు. తూనీగ రాలేదు.

"వాళ్ళమ్మ ఇక పంపదటండీ," అంది టీచరమ్మ. "అంతేకాదు, వచ్చే ఏడాది సైన్సు కూడా మాన్పించి కుట్టుపని క్లాసులో వేస్తానంటోంది. నేను చెప్పి చూశాను. నా మాట చెవిన పెడితేగా."

ఒక పిల్ల చదువు దారి మారిపోతోంది, మార్చింది తను. ఆ పూట బొమ్మలు చూపించకుండానే పిల్లల్ని పంపేసి, నేరుగా లాండ్రీల వీధికి బయల్దేరింది.

లాండ్రీ లోపల ఆవిరి పొగమంచులా నిలిచిపోయి ఉంది. తాళ్ళ మీద దుప్పట్లు అడ్డంగా వేలాడుతున్నాయి. తూనీగ తల్లి పెద్ద గంగాళంలోంచి కర్రతో బట్టలు తీస్తూ, వచ్చిందెవరో చూసి పని ఆపలేదు.

"మీరేనా నీళ్ళ మేడమ్? మా పిల్లచేత గిన్నెలు కడిగించుకున్నారటగా. కడిగించుకుని, పైగా సరిగ్గా కడగలేదని తిట్టారట."

నీళ్ళక్క నోరు తెరిచింది. దుప్పట్ల వెనక ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగింది. ఇంట్లో ఆ పిల్ల సగమే చెప్పిందని ఆవిడకి అర్థమైంది. రెండో సగం తను చెప్పేస్తే చిటికెలో తన మచ్చ తుడుచుకుపోతుంది. కానీ తుడిచిన మచ్చ వెళ్ళి ఆ పిల్ల మీద పడుతుంది.

"తిట్టిన మాట నిజమే అక్కా. గట్టిగానే తిట్టాను. అలా అరవాల్సింది కాదు."

"నేను ఉతుకుతున్నాను. మా అమ్మ ఉతికింది. దీన్ని మీ దగ్గరికి ఎందుకు పంపాను? ఇదొక్కతైనా ఈ సబ్బునీళ్ళ నుంచి బయటపడుతుందని." తల్లి కర్రని గోడకి ఆనించింది. ఆవిడ గొంతు పెద్దదవలేదు, బరువెక్కింది. "తెల్లకోట్లవాళ్ళ దగ్గరికి వెళ్ళినా దీని చేతికి సింకే దొరికింది. దానికి అంతదూరం ఎందుకు మేడమ్, ఇక్కడే బోలెడుంది."

దుప్పటి పక్కకి జరిగింది. తూనీగ తలవంచుకుని వచ్చింది. "అక్క కడగమనలేదమ్మా. నేనే కడిగాను."

"ఎందుకే?" అంది తల్లి. కోపంగా కాదు, దెబ్బతిన్నట్టు.

"మరి అక్కడ నేను చేసేదేం లేదు. చూడమన్నారు, చూశాం. ముట్టుకోవద్దన్నారు, ముట్టుకోలేదు. ఊరికే ఉండలేక..." తూనీగ మాట మింగేసింది. "నాకు వచ్చింది అదొక్కటే కదా. చేస్తే అక్క సంతోషిస్తుందనుకున్నాను."

నీళ్ళక్కకి ఎవరో చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది. నిజమే. వారాల తరబడి ఆవిడ ఆ పిల్లల చేత చూడటం తప్ప ఏమీ చేయించలేదు. మీరూ చేయొచ్చు, మీరూ చేయొచ్చు అని ఊదరగొట్టి, చేతులు మాత్రం కట్టేసింది. "సార్ లేరా" అని అడిగినవాళ్ళ మీద ఇన్నేళ్ళు మండిపడిన మనిషి, తను చేసిందేమిటి? పిల్లలకి సీసా కూడా ఇవ్వలేదు. ఆవిడకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అక్కా, ఒక్క శనివారం పంపించండి," అంది. "ఈసారి చూడటం కాదు. అది పరీక్ష చేస్తుంది. మొదలుపెట్టడం దగ్గర్నుంచి ఫలితం చెప్పేదాకా అదే. నేను పక్కన ఉంటానంతే. మీరూ వచ్చి చూడండి. ఉత్త ఆర్భాటమనిపిస్తే కుట్టుపనికే పంపండి, నేను నోరెత్తను."

"ఏ నీళ్ళు పరీక్ష చేస్తుంది?"

"ఏవైనా. మీ ఇంట్లోవి."

తల్లి ఒళ్ళు నిటారైంది. "మా ఇంటి నీళ్ళకేం? తాగే నీళ్ళ డ్రమ్ము రోజూ నా చేత్తో తోముతాను. మొహం చూసుకోవచ్చు దాంట్లో. పట్టుకెళ్ళండి."

అలా శనివారం వచ్చింది. తల్లీకూతుళ్ళు డ్రమ్ములోంచి, నీళ్ళక్క ఇచ్చిన శుద్ధిచేసిన సీసాలో నీళ్ళు పట్టుకొచ్చారు. మిగతా పిల్లలూ తలా ఒక సీసా తెచ్చుకున్నారు. నీళ్ళక్క చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. అలా నిలబడటం ఎంత కష్టమో ఆవిడకి అప్పుడే తెలిసింది. ఒక పళ్ళెం కింద పడి పగిలింది. ఒకమ్మాయి మూత తిరగేసి పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. తూనీగ మాత్రం ఎప్పుడూ లేనిది ఒకచోట కదలకుండా నిలబడి, ఊపిరి బిగబట్టి, నీళ్ళు జెల్లీ మీద పరిచింది. పక్కనే ఇంకో పళ్ళెంలో కాచి చల్లార్చిన నీళ్ళు కూడా వేసింది.

"అది ఎందుకే?" అంది గోడ దగ్గర కూర్చున్న తల్లి.

"అక్క చెప్పిందమ్మా. చుక్కలొస్తే నీళ్ళ వల్ల వచ్చాయో, నా చేతుల వల్ల వచ్చాయో తెలియాలిగా. కాచిన నీళ్ళలో ఏమీ రాకూడదు. వస్తే తప్పు నాదన్నమాట."

తల్లి తర్వాతంతా ఇంకాస్త ముందుకు వంగి చూసింది.

ఆదివారం నీళ్ళక్క అందరికన్నా ముందొచ్చి పెట్టె తెరిచింది. తెరిచి, అక్కడే నిలబడిపోయింది. తూనీగ పళ్ళెం నిండా నీలం చుక్కలు. పక్కన కాచిన నీళ్ళ పళ్ళెం అద్దంలా ఉంది. పిల్ల చేతులు తప్పు చేయలేదు. నీళ్ళే బాగాలేవు.

తోమి తోమి చేతులు అరగదీసుకునే తల్లికి, నీ డ్రమ్ములో మురుగు క్రిములున్నాయని ఆవిడ కూతురిచేత చెప్పించాలి. ఇక ఆ తల్లి ఈ గడప తొక్కుతుందా, కూతుర్ని తొక్కనిస్తుందా? పళ్ళెం పక్కకి తీసేసి, మందు పాడైంది, మళ్ళీ చేద్దాం అనొచ్చు. ఒక్క అబద్ధంతో పోతుంది. ఆవిడ చెయ్యి పళ్ళెం మీదే చాలాసేపు ఉండిపోయింది. చివరికి తలుపు మూసేసింది, పళ్ళెం లోపలే ఉంచి. ఫలితం దాచడం నేర్పడానికా ఆ పిల్లని ఇక్కడికి రమ్మంది?

మిగతా పిల్లలకన్నా ముందే తల్లీకూతుళ్ళు వచ్చారు. ఆదివారమైనా పెద్దసారు ఏదో పని పెట్టుకుని తన బల్ల దగ్గరే ఉన్నారు. తూనీగ పెట్టె తెరిచి, రెండు పళ్ళేలూ తీసి వెలుతురులో పెట్టుకుంది. లెక్కపెట్టింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. కాచిన నీళ్ళ పళ్ళేన్ని కిటికీకి ఎదురుగా ఎత్తి, తిప్పి తిప్పి చూసింది. అక్కడ ఒక్క చుక్కన్నా కనిపిస్తే బాగుండునని ఆ మొహమే చెబుతోంది. కనిపించలేదు.

నీళ్ళక్క వైపు చూసింది. నీళ్ళక్క పెదవి విప్పలేదు. విప్పకుండా ఉండటానికి చెంపలోపల కొరుక్కుంది.

"అమ్మా," అంది తూనీగ. "మన నీళ్ళు బాగాలేవు."

తల్లి పళ్ళెం దగ్గరికి వచ్చి చూసింది. మొహంలో రంగు మారింది.

"డ్రమ్ము నేను రోజూ తోముతాను."

"తెలుసమ్మా. నేను చూస్తూనే ఉన్నాగా. డ్రమ్ము తప్పని నేననలేదు. నీళ్ళు బాగాలేవన్నాను." ఆ పిల్ల తల దించలేదు. "అవి ఎక్కడ పాడయ్యాయో నాకు ఇంకా తెలీదు."

'తెలీదు' అనే మాట అంత ధైర్యంగా చెప్పినవాళ్ళని నీళ్ళక్క పెద్ద పెద్ద మీటింగుల్లో కూడా చూడలేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. అటు పెద్దసారు కాగితాలు తిరగేయడం మానేసి చెవులు ఇటే పడేశారు.

"మరి ఎలా తెలుస్తుంది?" అంది తల్లి.

అడిగింది నీళ్ళక్కని కాదు. కూతుర్నే.

"కొళాయి దగ్గర ఒక సీసా పట్టాలి. గొట్టంలోంచి డ్రమ్ములో పడేచోట ఒకటి. ముంచే చెంబులోంచి ఒకటి. మూడూ పక్కపక్కన పెడితే ఎక్కడ మొదలైందో దొరుకుతుంది. పక్కింటివాళ్ళ నీళ్ళు కూడా చూడాలి. వాళ్ళకీ వస్తే తప్పు మన ఇంట్లోది కాదు, పైపుది." తూనీగ ఆగింది. "అప్పటిదాకా కాచుకునే తాగాలమ్మా. తమ్ముడికి కూడా."

తల్లి చాలాసేపు ఆ నీలం చుక్కల వంకే చూసింది. నిన్నటిదాకా గలీబులు సరిగ్గా మడత పెట్టలేదని తను గదమాయించిన పిల్ల, ఇవాళ తమ ఇంటి నీళ్ళ సంగతి తనకే చెబుతోంది. కోప్పడాలో, దిగులు పడాలో, ఇంకేదైనా చేయాలో ఆవిడకి తేలినట్టు లేదు.

ఇంతలో ఆవిడ కొంగులోని ఫోను మోగింది. ఆస్పత్రివాళ్ళ వ్యాను డ్రైవరు. దుప్పట్లకోసం లాండ్రీ ముందు నిలబడ్డాడు. తలుపు తాళం వేసి ఉందేమిటని అతను విసుక్కోవడం అందరికీ వినిపిస్తూనే ఉంది.

"సాయంత్రం రా బాబూ," అంది తల్లి. "మా అమ్మాయి ల్యాబులో పనిలో ఉంది. దాని పని అయ్యాకే వస్తాం."